పచ్చికర్ర అమ్మేది రైతు, ఎండుకర్ర అమ్ముకునేది షావుకారు
పాత కంటైనర్ పెట్టెలో కలప బట్టీ: గ్రామ సంఘాలు ఆలోచించవలసిన పని

జామాయిల్ తోట నరికేటప్పుడు కూలీకి టన్ను లెక్క. రైతుకూ టన్ను లెక్కే. నరికి, బెరడు తీసి, లారీకెత్తిన కర్ర మిల్లు గేటు ముందు వరుసలో రెండు మూడు రోజులు నిలబడితే ఏమవుతుంది? ఎండకు ఆరుతుంది. ఆరిన మేరకు తూకం తగ్గుతుంది. "ఇదేం తూకమయ్యా, తోటలో ఎత్తిన కర్రకూ ఇక్కడి కాటాకూ పొంతనే లేదు" అని రైతు అడిగితే, "కర్ర ఎండిపోయింది, నన్నేం చెయ్యమంటావు?" అంటాడు గుమాస్తా. గేటు తెరవకుండా కూర్చున్నది మిల్లు. ఎండిన బరువు పడింది రైతు నెత్తిన.

అదే రైతు ఇంటికి తలుపు చేయించుకుందామని వడ్రంగి దగ్గరకు పోతాడు. "పచ్చి చెక్కతో చెయ్యమంటావా బాబాయ్, ఆరిన చెక్కతోనా? ఆరిందైతే రేటు వేరు. పచ్చిదైతే ఆర్నెల్లకే సందులు పడతయ్, తర్వాత నన్ననమాక" అంటాడు వడ్రంగి. ఆయన మాట నిజమే.

అమ్మేటప్పుడు కర్ర ఎండితే నష్టం. కొనేటప్పుడు కర్ర ఎండి వుంటే ఖరీదు. ఒకే కర్ర, ఒకే ఎండ. నష్టం మన వైపు, ఖరీదు వాళ్ల వైపు ఎట్లా వచ్చాయి? చెట్టు పెంచినవాడికీ నరికినవాడికీ ఆరబెట్టే సాధనం చేతిలో లేదు గనుక. ఆ సాధనం గురించే ఈ వ్యాసం. అది మరీ పెద్ద ఫ్యాక్టరీ ఏమీ కాదు. ఓడల మీద సరుకు మోసి మోసి పక్కన పడేసిన ఇనుప పెట్టెతో కూడా దాన్ని చేసుకోవచ్చు.

కర్రలో నీటి లెక్క

పచ్చికర్రలో ఎంత నీరుందో చెప్పేటప్పుడు ఎండుకర్ర బరువు మీద శాతం కడతారు. అందుకే కొన్ని జాతుల్లో ఆ అంకె 100 శాతం దాటినా ఆశ్చర్యపోనక్కరలేదు. 80 శాతం నీరున్న దుంగలు వెయ్యి కిలోలు తీసుకుందాం. అందులో అసలు కర్ర 556 కిలోలు, నీరు 444 కిలోలు. దాన్ని సామానుకు పనికొచ్చే 12 శాతానికి ఆరబెడితే మిగిలేది 622 కిలోలు. అంటే వెయ్యిలో 378 కిలోలు గాలిలో కలిసిన నీరే.

ఈ నీరు రెండు రకాలుగా వుంటుంది. కర్రలోని సన్నని గొట్టాల్లో నిలిచిన నీరు ఒకటి. అది ముందు పోతుంది. అది పోయినంతవరకు కర్ర పెద్దగా మారదు. రెండోది కర్ర గోడల్లోనే ఇంకి వున్న నీరు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తర్వాత ఈ నీరు పోవడం మొదలవుతుంది. అక్కడి నుంచే కర్ర ముడుచుకుంటుంది. అది కూడా అన్ని వైపులా ఒకే తీరుగా ముడుచుకోదు. వలయాల వెంబడి ముడుచుకునేది, చావ నుంచి బయటికి ముడుచుకునే దానికి దాదాపు రెట్టింపు వుంటుంది. చెక్కలు దోనెలాగా వంగడం, మెలి తిరగడం, నెర్రెలివ్వడం అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

నీడన పేర్చి గాలికి ఆరబెట్టడం మన వడ్రంగులకు తాతల నాటి నుంచి తెలుసు. కొండపల్లి బొమ్మల వాళ్లు పొణికి కర్రలో తేమ తీసేసిన తర్వాతే ఉలి పెడతారు. అయితే గాలికి ఆరే కర్ర ఆ చోటి గాలి ఎంత పొడిగా వుంటే అంతవరకే ఆరుతుంది. కోస్తాలో తీరం వెంట గాలిలో తడి ఎక్కువ గనుక 14, 15 శాతం దగ్గర ఆగిపోతుంది. తెలంగాణలో ఏప్రిల్, మే వడగాడ్పులకు పైపొర ఒక్కసారిగా ఎండి, లోపల పచ్చిగానే వుండి, చెక్క పగులుతుంది. పైగా అంగుళం చెక్కకు నెలలు పడుతుంది, మందం చెక్కకు ఏడాది దాటుతుంది. అంతకాలం డబ్బు కట్టేసుకుని కూర్చునే తాహతు ఎవరికుంది? అడితి యజమానికి వుంది. అప్పు తెచ్చి కూతురి పెళ్లి చేసిన రైతుకు లేదు. ఆరేదాకా ఆగగలిగినవాడిదే లాభం. వడ్డీ వ్యాపారానికీ దీనికీ తేడా పేరులోనే.

ఆగే కాలాన్ని నెలల నుంచి వారాలకు తగ్గించేదే బట్టీ.

అమెరికాలో చిన్న రైతులు ఏం చేశారు?

ఈ ఆలోచన మనకంటే ముందు అమెరికా పల్లెల్లో బాగా పాకింది. అక్కడ పెద్ద కోతమిల్లులకు ఆవిరితో నడిచే పెద్ద పెద్ద బట్టీలున్నాయి. చిన్న అడవి చెలక వున్న రైతు తన ఓక్, వాల్‌నట్ దుంగల్ని వాళ్లకు పచ్చిగా అమ్ముకోవలసిందే. 1982లో ఇండియానా రాష్ట్రంలో ఉడ్-మైజర్ కంపెనీ పుట్టింది. అది, అలాంటివే మరికొన్ని కంపెనీలు లాక్కుపోగలిగే చిన్న బ్యాండ్ రంపాలు అమ్మడంతో రైతు తన దొడ్లోనే దుంగ కోసుకోగలిగాడు. కోత చేతికొచ్చింది గానీ ఆరబెట్టడం చేతికి రాలేదు. పచ్చి పలకల్ని మళ్లీ అదే పెద్ద మిల్లు అడిగిన ధరకు ఇవ్వవలసి వచ్చేది.

అక్కడే పాత ట్రెయిలర్లు పనికొచ్చాయి. మాంసం, పళ్లు, పాలు మోసే చలి ట్రెయిలర్ల గోడల్లో మందంగా ఫోమ్ నింపి వుంటుంది. బయటి వేడి లోపలికి రాకుండా ఆపే గోడ, లోపలి వేడిని బయటికి పోనివ్వకుండా కూడా ఆపుతుంది. చక్రాలు అరిగి, యంత్రం చెడి, రోడ్డుకు పనికిరాని ట్రెయిలర్‌ను చవగ్గా కొని, లోపల ఫ్యాన్లు బిగించి, గాలిలోని తేమ లాగే యంత్రం ఒకటి పెట్టి, రైతులు బట్టీ చేసుకున్నారు. ఓడ కంటైనర్లను కూడా అట్లాగే మార్చుకున్నారు. కరెంటు ఖర్చు లేకుండా ఎండతో నడిచే బట్టీ నమూనాలను వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం వారు గీసి ప్రచారం చేశారు. మన దగ్గర 1906లో ఏర్పడిన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ కూడా 1970ల నాటికే ఎండతో నడిచే కలప బట్టీని రూపొందించింది. నమూనా వుంది. అది పల్లె దాకా రాలేదు. ప్రభుత్వ పరిశోధన ఎవరి గడప దగ్గర ఆగిపోతుందో మనకు తెలియనిది కాదు.

ఇనుప పెట్టె కథ

కంటైనర్ పెట్టెకూ ఒక చరిత్ర వుంది. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో నెవార్క్ రేవు నుంచి హూస్టన్‌కు 'ఐడియల్ ఎక్స్' అనే ఓడ 58 పెట్టెలతో బయలుదేరింది. మాల్కం మెక్లీన్ అనే లారీల యజమాని వేసిన ఎత్తు అది. బస్తా బస్తా మోసి ఓడ నింపే హమాలీల పని అక్కడి నుంచి తరిగిపోయింది. లండన్, న్యూయార్క్ పాత రేవుల్లో వేల మంది రేవు కార్మికుల పని పోయింది. సరుకు రవాణా చవకైంది, కానీ ఆ చవక భారం కార్మికుడి మీద పడింది. ఆ పెట్టే ఇప్పుడు వయసు మీరి మూల పడుతున్నది. దాన్ని కష్టజీవుల పనికి తిప్పుకుంటే అందులో న్యాయం వుంది.

విశాఖలో 2003 నుంచి కంటైనర్ టెర్మినల్ నడుస్తున్నది. హైదరాబాదు సనత్‌నగర్‌లో లోతట్టు కంటైనర్ డిపో వుంది. భీమవరం చుట్టుపక్కల చెరువుల రొయ్యలు విదేశాలకు పోయేది చలి కంటైనర్లలోనే. పదీ పదిహేనేళ్లు సముద్రం మీద తిరిగిన పెట్టెలు రవాణాకు పనికిరావని తీసేస్తారు. అవి పాత సరుకుగా అమ్ముడవుతాయి.

పెట్టెలు రెండు రకాలు. మామూలు ఇనుప పెట్టె ఒకటి, చలి పెట్టె ఒకటి. 20 అడుగుల మామూలు పెట్టె లోపలి కొలత సుమారు 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, 2.39 మీటర్ల ఎత్తు. దీని రేకు పల్చన గనుక వేడి నిలవదు. గోడలకూ కప్పుకూ ఉష్ణం ఆపే పొర వెయ్యాలి. ఆ పొర బయటి వైపు వేస్తే మంచిది. లోపల వేస్తే రేకు చల్లగానే వుండి, కర్ర నుంచి వచ్చిన ఆవిరి దాని మీద చెమటలాగా పట్టి నీరై కారుతుంది. కర్ర ఆవిరిలో పులుపు గుణం వుంటుంది, అది ఇనుమును తినేస్తుంది. కాబట్టి లోపల రేకుకు తుప్పు పట్టని రంగు మందంగా పూయాలి. చలి పెట్టెకు ఈ బాధ తక్కువ. లోపల తుప్పు పట్టని ఉక్కు రేకు, అడుగున అల్యూమినియం, మధ్యలో ఫోమ్ ముందే వుంటాయి. ధర మాత్రం ఎక్కువ. కొనేముందు ఫోమ్‌లో నీరు చేరిందేమో చూడాలి. తడిసిన ఫోమ్ వేడి ఆపదు.

పొగాకు బ్యారన్ తెలిసినవాడికి ఇది కొత్త కాదు

బట్టీ అనగానే మంట పెట్టి కర్రను వేయించడం అనుకుంటారు. అట్లా చేస్తే కర్ర పాడవుతుంది. ప్రకాశం, గుంటూరు, పశ్చిమగోదావరి జిల్లాల్లో వర్జీనియా పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసిన కూలీలకు అసలు కిటుకు తెలుసు. ఆకు కట్టిన కర్రలు ఎక్కించిన తర్వాత మొదట 32 నుంచి 38 డిగ్రీల సన్నని వేడి, గది నిండా తేమ. ఆకు పసుపు తిరిగిన తర్వాత గవాక్షాలు తెరిచి తేమ వదులుతారు, వేడి పెంచుతారు. చివరకు ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా పోతారు. అయిదారు రోజులు రాత్రింబగళ్లు మంట దగ్గర కూర్చుని, థర్మామీటరు చూసుకుంటూ, ఒక్క గంట ఏమరుపాటుతో ఆకు నల్లబడకుండా కాపాడేది ఎవరు? కూలీ మనిషే. ఆ నేర్పుకు ఏ డిగ్రీ కాగితమూ లేదు, తగిన కూలీ కూడా లేదు.

కలప బట్టీ నడిపే సూత్రం అదే. మొదట 40, 45 డిగ్రీల వేడి, గాలిలో బాగా తేమ. కర్ర లోపలి నీరు పైకి వచ్చే వేగంతోనే పైపొర ఆరాలి. తేమ 30 శాతం దిగాక మెల్లగా వేడి పెంచి, తేమ తగ్గించి, చివరకు 55, 60 డిగ్రీలకు తేవాలి. ఆకుకు రోజులు పట్టినట్టు చెక్కకు వారాలు పడుతుంది. తేడా అంతే.

తేమ చూడడానికి ఖరీదైన మీటర్లు అక్కరలేదు. రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బుడ్డికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసను నీళ్ల డబ్బాలో వుంచాలి. ఆ గుడ్డకు గాలి తగులుతూ వుండాలి. గాలి పొడిగా వుంటే తడిగుడ్డ థర్మామీటరు ఎక్కువ కిందికి దిగుతుంది. మొదట రెంటికీ తేడా మూడు నాలుగు డిగ్రీలు మించకూడదు. చివరలో పది, పదిహేను డిగ్రీల తేడా వుండవచ్చు. దేశంలో దొరికే కలపలను ఆరే తీరును బట్టి మూడు తరగతులుగా విడదీసి, ఆరబెట్టే పద్ధతులు చెప్పే భారత ప్రమాణం ఒకటి వుంది. దాని నంబరు 1141. బెంగుళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థను అడిగితే జాతివారీ వివరాలు చెబుతారు. ప్రజల పన్నులతో నడిచే సంస్థ అది. అడగడం మన హక్కు.

చేసే విధానం

పేర్పు సరిగా లేకపోతే మిగతా అంతా వృథా. ఒకే జాతి, ఒకే మందం చెక్కల్నే ఒక విడతలో పెట్టాలి. వరుసకూ వరుసకూ మధ్య ఒకే మందం సన్న బద్దలు అడుగున్నర, రెండడుగుల ఎడంతో పెట్టాలి. పై బద్ద కింది బద్దకు నిట్టనిలువుగా రావాలి. అటూ ఇటూ జరిగితే చెక్క అక్కడే వంగుతుంది. దుంగ నరికిన రోజే రెండు కొసలకూ తారో, మైనమో, మందపు రంగో పూయాలి. కొసల నుంచి నీరు త్వరగా పోయి చీలికలు వచ్చేది అక్కడే. పేర్పు పైన బరువు పెడితే పై వరుసలు మెలి తిరగవు.

గాలి చెక్కల మధ్యనుంచి పోవాలి, చుట్టూ తిరిగి పోకూడదు. అందుకని పేర్పుకు పైనా పక్కలా తాడుపట్టా తెరలు కట్టాలి. ఫ్యాన్లు గాలిని సెకనుకు ఒక మీటరు వేగంతో తోస్తే చాలు. వేడికీ తేమకూ మామూలు మోటార్లు కాలిపోతాయి గనుక మోటారును గోడ బయట పెట్టి ఇరుసు మాత్రం లోపలికి పంపడం మేలు.

20 అడుగుల పెట్టెలో ఎంత కర్ర పడుతుంది? పేర్పు 5.4 మీటర్ల పొడవు, 1.3 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు అనుకుందాం. అంగుళం చెక్కల మధ్య బద్దల ఖాళీ పోను దాదాపు 200 ఘనపుటడుగుల కర్ర. మామిడి వంటి మధ్యరకం కర్ర అయితే, 60 శాతం నుంచి 12 శాతానికి తేవడానికి అందులోంచి సుమారు ఒకటిన్నర టన్నుల నీరు తియ్యాలి. అంత నీటిని ఆవిరి చెయ్యడానికే వెయ్యి యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. గోడల నుంచీ గవాక్షాల నుంచీ పోయేది కలుపుకుంటే రెట్టింపు అనుకోవాలి. అంతా కరెంటుతో చేస్తే లాభం బిల్లులోకే పోతుంది. కోతమిల్లు తుక్కు, అంచు ముక్కలు పొయ్యిలో వేస్తే ఇంచుమించు టన్ను తుక్కుతో ఆ వేడి వస్తుంది. పొయ్యి పెట్టె బయట వుండాలి. పొగాకు బ్యారన్‌లో లాగానే పొగ గొట్టం గుండా బయటికి పోవాలి, వేడి మాత్రమే లోపలికి రావాలి.

ఎండతో నడిపితే ఖర్చు ఇంకా తగ్గుతుంది, కాలం పెరుగుతుంది. వర్జీనియా నమూనా లెక్క ప్రకారం 200 ఘనపుటడుగుల అంగుళం చెక్కకు దాదాపు 240 చదరపు అడుగుల నల్లరేకు ఎండకు వుండాలి. పెట్టె పైకప్పు 160 చదరపు అడుగులే. మిగతాది దక్షిణం వైపు పందిరిలాగా దించాలి. ఎండ బట్టీకి ఒక మంచి గుణం వుంది. రాత్రి వేడి తగ్గి, చెక్క పైపొర మళ్లీ కొంచెం తేమ పట్టి, పగుళ్లు తక్కువ వస్తాయి. అన్నిటికంటే చవకైన దారి ఇంకొకటి: ముందు నెలా రెండు నెలలు నీడన పేర్చి 30 శాతం దాకా గాలికే ఆరనిచ్చి, మిగతాది బట్టీలో పూర్తిచెయ్యడం. వేడి ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది.

ఎండిందా లేదా అన్నది కాటాతో తేలుతుంది. పేర్పు మధ్యలో లాగడానికి వీలుగా ఒక నమూనా చెక్క వుంచి రోజూ తూచి పుస్తకంలో రాయాలి. మొదట దాని కొస నుంచి చిన్న ముక్క కోసి తూచి, 103 డిగ్రీల వేడిలో బరువు ఇక తగ్గని దాకా ఎండబెట్టి మళ్లీ తూచాలి. 150 గ్రాముల ముక్క 100 గ్రాములైతే అందులో తేమ 50 శాతం. ఈ లెక్క చదువురాని మనిషి కూడా నెల రోజుల్లో నేర్చుకుంటాడు. ఆ పుస్తకం యజమాని చేతిలో కాక పనిచేసేవాళ్ల చేతిలో వుండాలి. కాటా ఎవరి చేతిలో వుంటే లెక్క వాళ్లది. ఈ సంగతి మిల్లు గేటు దగ్గరే నేర్చుకున్నాం గదా.

ప్రాణం మీదికి తెచ్చే సంగతులు

చవక పని అని తొందరపడితే మొదట దెబ్బతినేది కూలీలే. కనుక ఇవి గట్టిగా గుర్తుంచుకోవాలి.

పెట్టె అడుగు చెక్కలకు పురుగు మందు పట్టించి వుంటుంది. ఏ మందు, ఎప్పుడు పట్టించారో తలుపు మీది లోహపు పలక మీద రాసి వుంటుంది. ఆ చెక్కల్ని వేడిచేస్తే మందు ఆవిరి ముక్కుకు తగులుతుంది. వాటిని తీసేసి పూడ్చాలి తప్ప పొయ్యిలో వెయ్యరాదు. గతంలో ఏ రసాయనం మోసిందో తెలియని పెట్టెను కొనకపోవడమే మంచిది.

చలి పెట్టె యంత్రంలోని గ్యాసును గొట్టం కోసి వదిలేయకూడదు. 2011లో కల్తీ గ్యాసు నింపిన చలి కంటైనర్లు పేలి వియత్నాం, బ్రెజిల్ దేశాల్లో కార్మికులు చనిపోయారు. ఆ పనికి తెలిసిన మెకానిక్కునే పిలవాలి. ఫోమ్ పక్కన వెల్డింగు చేస్తే అది అంటుకుంటుంది, దాని పొగ విషం.

కంటైనర్ తలుపు బయటి నుంచే పడుతుంది. లోపల మనిషి వుండగా తలుపు పడితే, 55 డిగ్రీల వేడిలో ఎంతసేపు బతుకుతాడు? లోపలి నుంచి తెరుచుకునే ఏర్పాటు లేకుండా బట్టీ వెలిగించరాదు. లోపలికి ఒక్కరే పోకూడదు. ఇనుప పెట్టె గనుక కరెంటు తీగ ఒకటి తగిలితే పెట్టంతా షాకే. ఎర్తింగు, ట్రిప్ స్విచ్చి తప్పనిసరి. పొయ్యి గొట్టానికి చిల్లు పడితే కనిపించని విషవాయువు లోపల చేరుతుంది. ప్రతి విడతకూ ముందు గొట్టం తట్టి చూడాలి.

ఏ కర్ర? మామిడి కథ, రబ్బరు కథ

కాగితం మిల్లుకు పోయే రెండు మూడేళ్ల సుబాబుల్, జామాయిల్ కర్ర సన్నం. దాన్ని పలకలు కోసి బట్టీలో పెట్టడం కుదరదు. ఆ రైతుకు గేటు దగ్గర న్యాయమైన ధర, వెంటనే తూకం, సకాలంలో చెల్లింపు కోసం పోరాటం తప్పదు. ప్రకాశం, కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అందుకోసం పదే పదే రోడ్డెక్కింది ఊరికే కాదు. ముదిరిన జామాయిల్‌ను కూడా మొదటి విడతల్లో ముట్టుకోవద్దు. అది ఆరేటప్పుడు లోపలే కుప్పకూలి ముడతలు పడే గుణం కలది. చెయ్యి తిరిగిన తర్వాత చూసుకోవచ్చు.

మొదలుపెట్టడానికి మంచిది మామిడి. త్వరగా ఆరుతుంది. నూజివీడు, చిత్తూరు, జగిత్యాల, ఖమ్మం ప్రాంతాల్లో కాపు తగ్గిన ముసలి తోటల్ని కొట్టేస్తుంటారు. ఆ కర్ర పొయ్యిలోకో, ప్యాకింగు పెట్టెలకో పోతుంది. అదే మామిడి కర్రను రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌లో ఆరబెట్టి బల్లలు, కుర్చీలు చేసి విదేశాలకు పంపుతున్నారు. నరికిన మామిడిని ఆలస్యం చెయ్యకుండా కోసి పేర్చాలి. లేకపోతే నీలం మచ్చ పడుతుంది, పురుగు పడుతుంది. గట్ల మీది వేప, తుమ్మ, పొలాల్లో కొత్తగా వేస్తున్న మలబారు వేప కూడా పనికొస్తాయి.

రబ్బరు కర్ర కథ మనకు పాఠం. పాతిక ముప్పయ్యేళ్లు పాలు తీసిన తర్వాత రబ్బరు చెట్టును కొట్టేస్తారు. ఒకప్పుడు అది వట్టి వంటచెరకు. కోసిన వెంటనే మందు పట్టించి బట్టీలో ఆరబెట్టడం నేర్చుకున్న తర్వాత 1980ల నుంచి మలేసియాలో అదే పెద్ద ఫర్నిచర్ పరిశ్రమకు ముడిసరుకైంది. చెట్టు మారలేదు. ఆరబెట్టడం మారింది. వంటచెరకు ధరకూ ఫర్నిచర్ ధరకూ మధ్య తేడా మాత్రం ఎక్కువగా ఫ్యాక్టరీలకే చిక్కింది.

ఎగుమతి సరుకు కింద పెట్టే చెక్క పలకలకు కూడా 2002 నుంచి అంతర్జాతీయ నియమం ఒకటి వుంది. కర్ర నడిబొడ్డు వరకు 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగలాలి. మన బట్టీ ఆ వేడి ఇవ్వగలదు. అయితే ఆ ముద్ర వేసే అధికారానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఊరి సంఘానికి ఆ అనుమతి ఇప్పించడం వ్యవసాయ శాఖకు తలకు మించిన పనేమీ కాదు.

బట్టీ ఎవరి చేతిలో?

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది. ఈ పెట్టెను ఒక కాంట్రాక్టరు కొని ఊరి బయట పెట్టాడనుకోండి. రైతు దగ్గర పచ్చికర్ర టన్ను లెక్కన అదే ధరకు కొంటాడు. కూలీకి అదే రోజుకూలీ ఇస్తాడు, పైగా రాత్రి కాపలా వూరికే చేయించుకుంటాడు. ఎండుకర్ర ఘనపుటడుగు లెక్కన పట్నంలో అమ్ముకుంటాడు. షావుకారు పేరు మారుతుంది, లెక్క మారదు. యంత్రం తనంతట తాను ఎవరినీ బాగుచెయ్యదు. పొగాకు బ్యారన్లు పల్లెల్లోనే వున్నాయి. 1976లో పొగాకు బోర్డు కూడా వచ్చింది. అయినా బ్యారన్ కూలీ బతుకు ఏమాత్రం మారింది?

కాబట్టి బట్టీ సంఘానిది కావాలి. చెట్లున్న చిన్న రైతులు, కోత కూలీలు, వడ్రంగులు కలిసి పెట్టుకున్న సంఘం. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద దాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు. కేరళలో 1925లో పుట్టిన ఊరాళుంగల్ కార్మిక కాంట్రాక్టు సహకార సంఘం ఈనాటికీ పనివాళ్ల చేతిలోనే నడుస్తున్నది. కూలీలు సంస్థ నడపలేరన్న మాటకు అదొక్కటే చాలిన జవాబు.

సంఘంలో కూడా లెక్క ముందే రాసుకోవాలి. కర్ర తెచ్చిన రైతుకు పచ్చి ధర వెంటనే ఇవ్వాలి. అమ్ముడైన తర్వాత మిగులులో వాటా ఇవ్వాలి. కోసి, పేర్చి, మంట చూసినవాళ్లకు కూలీతో పాటు అదే మిగులులో వాటా వుండాలి. పేర్చే పనిలోనూ తూచి రాసే పనిలోనూ ఆడవాళ్లు వుంటారు, వాళ్లకు మగవాళ్లతో సమానంగా ముట్టాలి. వాటా పెట్టుబడిని బట్టి మాత్రమే అయితే మళ్లీ మోతుబరి రైతే పెత్తందారవుతాడు.

చట్టం సంగతి కూడా మరవరాదు. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం వుంది. కోతమిల్లులకు లైసెన్సు నిబంధనలున్నాయి. కలప ఆధారిత పరిశ్రమలపై కేంద్రం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ జాతి కర్రకు రవాణా పర్మిట్టు కావాలో, ఏ జాతికి మినహాయింపో అటవీ రేంజి ఆఫీసులో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అడవి నుంచి దొంగతనంగా వచ్చిన ఒక్క దుంగ బట్టీలో దొరికితే సంఘమే మూతపడుతుంది. పెద్ద స్మగ్లరు బయట తిరుగుతాడు, కేసు కూలీ మీద పడుతుంది. ఈ తీరు మనకు కొత్త కాదు.

ప్రభుత్వాన్ని అడగవలసినవి మూడున్నాయి. మామిడి, మలబారు వేప ఎక్కువగా వున్న మండలాల్లో ఉమ్మడి బట్టీకి సహకార బ్యాంకుల నుంచి తక్కువ వడ్డీ అప్పు. డెహ్రాడూన్, బెంగుళూరు సంస్థల నమూనాలు తెలుగులో అచ్చువేసి పల్లెలకు పంపడం, బ్యారన్ పని తెలిసిన కూలీలకు జీతంతో శిక్షణ. ప్రభుత్వ బడి బల్లలు, హాస్టల్ మంచాలు చేయించేటప్పుడు సంఘాల ఎండుకర్రను ముందుగా కొనడం. ఈ మూడూ అడగకుండా రావు. రైతు సంఘం, వ్యవసాయ కార్మిక సంఘం కలిసి అడగాలి. విడివిడిగా అడిగితే, ధర పెంచితే కూలీ పెంచలేమని ఒకరికీ, కూలీ పెంచితే ధర రాదని ఒకరికీ చెప్పి పంపేస్తారు.

చెట్టు నాటినవాడికి పదేళ్లు ఓపిక పట్టడం తెలుసు. మంట దగ్గర కూర్చున్నవాడికి వారం రోజులు నిద్రకాయడం తెలుసు. ఆ ఓపికా, ఆ నేర్పూ మన దగ్గరే వున్నాయి. లేనిదల్లా ఒక పెట్టె, ఒక కాటా, దాని పక్కన మన చేత్తో రాసిన లెక్క పుస్తకం. ముందు ఊళ్లో ఎవరి గట్టు మీద ఏ చెట్లున్నాయో, ఈ ఏడు ఏ తోట కొట్టబోతున్నారో కూర్చుని రాసుకోండి. పని అక్కడి నుంచి మొదలవుతుంది.